పొగలేని మందు

శుభ్రమను మాట మనయిండ్లలో దినమునకు పదిమార్లు వినబడుచుండును. వంటయింటి గోడ మసిబాఱినచో అశుభ్రమందుము. సున్నము వేసినచో శుభ్రమైనదందుము. మడిబట్ట కట్టుకొన్నవారు మురికి చెఱువులో మునిగి వచ్చినను శుభ్రులేయని నమ్మిన కాలమొకటి యుండెను. కాచి వడపోసిన నీటిని, మడిలేనివారు తెచ్చిరన్న కారణముచేత, పాఱబోసిన కాలమును అదియే. కంటికి కనబడు మురికికిని, కనబడక హానిచేయు మురికికిని గల భేదమును గుర్తించుటకు మనకు చాలకాలము పట్టినది. ఈ భేదమును, మనయిండ్లకు మిక్కిలి దూరమైన యొక వస్తువు చరిత్రనుండి మఱియొక త్రోవలో నేర్చుకొనవచ్చునని మాకు తోచినది. ఆ వస్తువు తుపాకిమందు.

పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కుటుంబములలో చదువుకొను పత్రికకు తుపాకిమందుతో నేమిపని యని యడుగవచ్చును. మేము చెప్పునది వినుడు. అమెరికా దేశమునందును ఐరోపాలో కొన్నిచోట్లను గుఱి చూచి కాల్చుట యొక వినోదము. అచ్చట ననేకులు కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులను పాఱవేయక యేఱి తెచ్చుకొని, తోమి, అడుగున క్రొత్త రంజకపు బిళ్ళను దిగవేసి, లోపల మందు పోసి, పైన గుండు బిగించి, తమ తూటాలను తామే యింటిలో చేసికొందురు. మనవారు ఎండకాలములో వడియములు పెట్టుకొన్నట్లు వారు చలికాలములో తూటాలు నింపుకొందురు. పిస్తోలు తూటాలు నింపువారిలో ఎడతెగని ప్రశ్న యొకటి కలదు: ఏ మందు శుభ్రముగా మండును? ఏ మందు వాడినచో చేతికి, తొడుగునకు, తుపాకిగొట్టమునకు మసి యంటకుండును? ప్రశ్న చిన్నదే. దాని వెనుక నూటయేబది సంవత్సరములకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో రసాయనశాస్త్రజ్ఞులు, సైన్యములు, కార్మికులు, కూలీలు, స్త్రీలు, బిడ్డలు కూడ నున్నారు. మనదేశమున లైసెన్సు లేక తూటాలు చేయుట 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము నేరము. కావున ఈ వ్యాసమునందు కొలతలుగాని విధానములుగాని చెప్పబోము. శుభ్రతయను నొక కోరిక మనుష్యుల నెచ్చటికెచ్చటికి తీసికొనిపోయినదో చెప్పుటయే మా యుద్దేశము.

పాత తుపాకిమందు సురేకారము, బొగ్గు, గంధకము అను మూడింటి కూర్పు. చైనాలో పుట్టి, ఆసియాఖండము దాటి, ఐరోపాకు చేరినది. అందు నాలుగింట మూడుపాళ్ళు సురేకారమే. ఈ సురేకారమునకు ప్రపంచములో పేరుపొందిన స్థానము మన బీహారు. పశువులు నిలిచిన నేలలనుండియు, పాతగోడల మొదళ్లనుండియు తెల్లగా పేరిన మట్టిని గీకి, నీట కరగించి, కాచి, నూనియాలను కులమువారు సురేకారము తీయుచుండిరి. డచ్చివారును ఆంగ్లేయులును పాట్నాలో కోఠీలు పెట్టి దానిని కొనిరి. ప్లాసీయుద్ధము జరిగిన మఱుసటి సంవత్సరమగు 1758లో ఈస్టిండియా కంపెనీ బీహారు సురేకారముపై గుత్తహక్కు సంపాదించెను. ఐరోపారాజులు తమలో తాము పోరాడుచు కాల్చిన ఫిరంగులలో బీహారు పల్లెల మట్టి యుండెననుట అతిశయోక్తి కాదు. గీకినవాని పేరు మాత్రము ఏ చరిత్రలోను లేదు.

ఈ మందునకు గల దోషము పొగ. 1875లో నోబిల్, ఏబెల్ అను నిరువురు ఆంగ్లశాస్త్రజ్ఞులు దీనిని మూసిన పాత్రలలో కాల్చి కొలచి చూచిరి. బరువునుబట్టి నూటికి 43 పాళ్ళు మాత్రమే వాయువగుచున్నదనియు, తక్కిన 57 పాళ్ళు గట్టి పదార్థముగా మిగులుచున్నదనియు తేలినది. అనగా గుండును త్రోయుటకు ఉపయోగపడునది సగముకంటె తక్కువ. సగముకంటె ఎక్కువ పొగగాను మసిగాను మాఱుచున్నది. కొన్నిమార్లు కాల్చునప్పటికే గొట్టములోపల పెచ్చుగట్టి గుండు దిగుట కష్టమగుచుండెను. రివాల్వరులో తిరుగు చక్రము మసిచేత బిగిసిపోవుచుండెను. యుద్ధభూమిలో రెండు వరుసలవారు రెండుమూడు మార్లు కాల్చిన పిదప ఎదుటివారు కనబడరు. దినము గడచిన తరువాత తుపాకిని వేడినీళ్ళతో కడుగవలయును. లేనిచో ఆ మసి గాలిలోని తేమను పీల్చి యినుమును తినివేయును. ఈ కడుగుడును పాఠకులు గుర్తుంచుకొనవలయును. దీనివలన ఎవరును తలంపని మేలొకటి జరుగుచుండెనని ముందు చెప్పెదము.

ఈ పొగను పోగొట్టు త్రోవ మొదట పత్తిలో దొరకినది. స్విట్జర్లండులోని బాసెల్ నగరమున రసాయనశాస్త్రోపాధ్యాయుడగు షోన్‌బైన్ 1846లో, ఆమ్లములలో ముంచి కడిగి ఆరవేసిన పత్తి తుపాకిమందువలె మండుననియు, పొగ యించుకయు రాదనియు లోకమునకు తెలియజేసెను. వంటయింటిలో ప్రయోగము చేయుచు ఒలికిన ఆమ్లమును భార్య వంటబట్టతో తుడిచి, దానిని పొయ్యిదగ్గర ఆరవేయగా అది క్షణములో మండి మాయమయ్యెనని యొక కథ ప్రసిద్ధమైయున్నది. కథ యెట్లున్నను ఆ పత్తికి ఐరోపా అంతయు మురిసిపోయినది. ఆ మురిపెము సంవత్సరమైనను నిలువలేదు. 1847లో ఇంగ్లండునందలి ఫావర్‌షామ్‌లో దీనిని చేయు కార్ఖానా పేలి ఇరువదిమంది వఱకు మరణించిరి. కడుగుట చాలక పత్తిపోగుల నడుమ ఆమ్లము మిగిలిపోవుటయే ఈ మందు తనంతట తాను చెడి మండుటకు కారణమని క్రమముగా తెలిసినది. పత్తిని గుజ్జుగా రుబ్బి కడిగినచో ఆ ఆమ్లము పోవునని 1865లో ఏబెల్ కనిపెట్టెను. అటుపిమ్మటను 1871లో స్టోమార్కెట్టు కార్ఖానా పేలి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. పైకి తెల్లగా, మల్లెపూవువలె నున్న పత్తిలో కనబడని మురికి యుండెను. ఆ కనబడని మురికి చేసిన హాని, కంటికి కనబడు నల్లనిపొగ చేసిన హానికి తక్కువది కాదు.

ఈ పత్తిని తుపాకులకు లొంగదీసినవాడు ఫ్రాన్సుదేశపు పాల్ వియై. పత్తి పోగులుగా నున్నంతవఱకు మంట దానిలో నన్నివైపులను ఒక్కసారిగా చొచ్చుకొనిపోయి గొట్టమును పగులగొట్టును. 1884లో వియై దానిని ద్రావకములలో నానవేసి, జిగురుముద్దగా చేసి, పలుచని రేకులుగా పఱచి, చిన్నచిన్న బిళ్ళలుగా కోసెను. అప్పుడు మంట బిళ్ళ పైభాగమునుండి లోపలికి క్రమముగా పోవును. బిళ్ళ పలుచనైనచో వేగముగా మండును, దళసరియైనచో మెల్లగా మండును. మందు యొక్క వేగము ద్రవ్యములనుబట్టియే కాక దాని ఆకారమునుబట్టియు నిర్ణయమగునను నీ సూత్రమే, నేడు పిస్తోలునకు ఏ మందు తగునని యోచించువాని కంతటికిని మూలము. రెండు సంవత్సరములలో, అనగా 1886లో, ఫ్రెంచిసైన్యమునకు ఈ మందుతో కాల్చు లెబెల్ తుపాకి వచ్చినది. తక్కిన రాజ్యములన్నియు నిద్రలేచినవి.

1887లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ ఈ పత్తిని నైట్రోగ్లిసరీనుతో కలిపి బాలిస్టైటు అను మందును చేసెను. 1889లో ఏబెల్, డ్యూయరు అను నిరువురు ఆంగ్లప్రభుత్వము కొఱకు దానివంటిదే కార్డైట్ అను మందును చేసిరి. దారముల రూపమున నుండుటచేత దానికా పేరు. నోబెల్ తన హక్కు హరింపబడినదని వ్యాజ్యము వేసి 1895లో ఓడిపోయెను. అతని పట్టాలో, కరుగునట్టి రకపు పత్తియని వ్రాసియుండెననియు, కార్డైటులోనిది కరుగని రకమనియు ధర్మాసనము వారు తీర్పు చెప్పిరి. ఒక్క విశేషణము అంతపని చేసినది. కార్డైటులో వాసెలీను కూడ కొంచెము చేర్చిరి. తుపాకిగొట్టమును నున్నగా నుంచుటకని చేర్చిన యీ వాసెలీను, మందు నిలువయున్నపుడు చెడిపోకుండ కాపాడునని తరువాత తెలిసినది. ఒక మేలు కోరి చేసినపని వేఱొక మేలుగా పరిణమించుట అరుదు. చరిత్రలో తఱచు దీనికి విపరీతమే జరుగును.

అట్టి విపరీతమే వెంటనే కానవచ్చినది. ఆంగ్లసైన్యమువారి లీ-మెట్‌ఫర్డ్ తుపాకిగొట్టములో లోపలి చాళ్ళు లోతులేనివి. పాతమందు మసి పేరుకొనకుండ, తుడుచుటకు సులభముగా నుండునట్లు వానిని లోతు తగ్గించి చేసిరి. కార్డైట్ వచ్చిన తరువాత మసి పోయినది. కాని కార్డైటు మంట మిక్కిలి వేడియైనది. ఆ వేడికి లోతులేని చాళ్ళు కరగి అరిగిపోవజొచ్చెను. మసికి జడిసి చేసిన గొట్టము మసిలేని మందుచేతనే పాడైపోయినది. 1895లో లోతైన చాళ్ళుగల లీ-ఎన్‌ఫీల్డు తుపాకిని తేవలసివచ్చెను. బోయరుయుద్ధము తరువాత కార్డైటులో నైట్రోగ్లిసరీను పాలును తగ్గింపవలసివచ్చెను.

పొగ పోవుటచేత యుద్ధ స్వరూపమే మాఱిపోయినది. 1898 జూలైలో క్యూబాదేశపు సాన్‌హువాన్ కొండదగ్గర స్పెయినువారు పొగలేని తూటాలు కాల్చుచుండగా, అమెరికా స్వచ్ఛందసైనికులు కొందఱు పాతమందు తుపాకులతో వచ్చిరి. వారు కాల్చినప్పుడెల్ల లేచిన తెల్లనిపొగ, తామున్నచోటును శత్రువునకు చూపుచుండెను. మఱుసటి సంవత్సరము డిసెంబరు 15వ తేదీన దక్షిణాఫ్రికాలోని కొలెన్సోదగ్గర ఆంగ్లసైన్యము తనను కాల్చువారి నొక్కరినైనను చూడక నేలగూలినది. ఆ పోరాటములో గాయపడినవారిని మోసినవారిలో గాంధిగారు కూర్చిన భారతీయ శుశ్రూషాదళము వారుండిరి. సుమారు 1100 మందితో కూడిన ఆ దళములో ఎక్కువమంది నేటాలులోని ఒప్పందపు కూలీలు. నేటాలు కూలీలలో మదరాసు రేవునుండి ఓడయెక్కిన తమిళులును తెలుగువారును అనేకులని మనకు తెలియును. ఆ యుద్ధములో చనిపోయిన సేనాపతి రాబర్ట్సుగారి కుమారుని దేహమును మోయుట తమ దళమునకు తటస్థించెనని గాంధిగారు వ్రాసియున్నారు.

అదే యుద్ధములో లేడీస్మిత్ ముట్టడియందు జరిగిన యొక సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. బోయరులు కొండపై పెద్దఫిరంగి నెక్కించి ఊరిమీద గుండ్లు వేయుచుండిరి. ప్రభుసింగను ఒప్పందపు కూలీని చెట్టెక్కించి ఆ కొండను చూచుచుండుమనిరి. ఫిరంగినుండి వెలుగు కనబడిన తక్షణమే అతడు గంట కొట్టవలయును. గంట విని ఊరివారు చాటునకు పోవలయును. గుండు తరువాత వచ్చి పడును. ముట్టడియున్న దినములన్నియు అతడు ప్రాణములకు తెగించి చెట్టుపైననేయుండి గంట కొట్టెను. ఎందఱి ప్రాణములో నిలిచినవి. అతనికి పిమ్మట కర్జనుప్రభువు కాశ్మీరపు అంగీని బహుమానముగా పంపెను. హాని కంటబడినచో దానినుండి తప్పించుకొనుటకు క్షణమైనను దొరకును. కనబడని తుపాకికి గంటకొట్టువాడు లేడు. ఇదియే పొగలేని మందు లోకమునకు చెప్పిన మొదటిపాఠము.

ఈ మందు మన దక్షిణదేశమునకును వచ్చినది. ఇరువదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో, అప్పటి మదరాసు రాజధానిలోని నీలగిరులపై అరువంకాడున కార్డైట్ కార్ఖానా స్థాపింపబడినది. ఒకప్పుడు సురేకారమును మాత్రమే పంపిన దేశము ఇప్పుడు మందునే చేయసాగినది. మొదటి మహాయుద్ధములో ఇంగ్లండు స్కాట్లండుల పొలిమేరనున్న గ్రెట్నా కార్ఖానాలో వేలకొలది యువతులు చేతులతో కార్డైటు ముద్దను పిసికిరి. ఆ ముద్దను కరగించు ఎసిటోను చాలకపోగా, మాంచెస్టరులోని వైజ్‌మన్ పండితుడు ధాన్యమును పులియబెట్టి దానిని తీయు విధానమును కనిపెట్టెను. ధాన్యము కఱవైన 1917లో బడిపిల్లలచేత అడవిగింజలు ఏఱించి పంపించుకొనిరి. పొగలేని తూటా యొక్కటి తయారగుటకు ఎందఱి చేతులు కావలయునో చూడుడు.

ఇక పిస్తోలునకు వత్తము. పిస్తోలు, రివాల్వరులకు గొట్టము పొట్టి. మందు మండుటకు దొరకు కాలము అత్యల్పము. మెల్లగా మండు మందును పొట్టిగొట్టములో వాడినచో, గుండు గొట్టము దాటిపోవునప్పటికి మందు సగము కాలకయే యుండును. కాలని పలుకులు బయట చిమ్మబడును. కొన్ని తొడుగులోనే మిగులును. అందుచేత పిస్తోలునకు వేగముగా మండు మందు కావలయును. ఒత్తిడి చాలకపోయినను దోషమే. ఒత్తిడి చాలినప్పుడే ఇత్తడితొడుగు ఉబ్బి గొట్టపు గోడకు అంటుకొని వాయువును వెనుకకు రానీయదు. చాలనప్పుడు వాయువు తొడుగుచుట్టును వెనుకకు వచ్చి మసిపూయును. కావున మసిని చూచి మందును మాత్రమే నిందించుట న్యాయముకాదు. గుండు బరువు, బిగింపు, ఒత్తిడి అన్నియు అందు భాగస్వాములే. సీసపుగుండ్లకు పూసిన మైనము కాలి వచ్చుపొగను మందుమీద వేయువారును పెక్కుమంది. వంట చెడినప్పుడు కట్టెలను తిట్టునట్టి తిట్టే యిది.

ఈ శతాబ్దికిపైబడిన కాలములో పిస్తోలుమందులు అనేకములు వచ్చినవి. 1898 ప్రాంతమున అమెరికాలో వెలువడిన బుల్స్ఐ అను మందు వేగమునకు పేరుపొందినది. తరువాత 1900లో వచ్చిన యూనిక్ అనునది అన్నిపనులకును పనికివచ్చుననియు, మసి మాత్రము ఎక్కువయనియు వాడుకపడినది. శతాబ్దము గడచిన పిమ్మట దానినే మార్చి, మునుపటికంటె శుభ్రముగా మండునని చెప్పి అమ్మిరి. ఫిన్లండుదేశమున 1922లో ఏర్పడిన విహ్తవూరి కార్ఖానా మందులు శుభ్రతకు పేరుగాంచినవి. రెండవ మహాయుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో బ్రూస్ హాడ్జ్‌డన్ అనునతడు ప్రభుత్వమువద్ద మిగిలిపోయిన మందును కొని టపాలో అమ్మనారంభింపగా, ఇంటిలో తూటాలు నింపుకొనుట వేలకొలదిమందికి అలవాటైనది.

ఇచ్చట నొక సూక్ష్మమైన అపాయము దాగియున్నది. 1898లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు తెచ్చిన 38 స్పెషల్ అను తూటా నేటికిని వాడుకలో నున్నది. అది పాతమందు కొఱకు చేసినది గనుక తొడుగు పొడవైనది. పాతమందు చాల చోటు పట్టును. పొగలేని మందు అందులో అడుగున కొంచెము మాత్రమే యుండును. 1902లో పొగలేని మందు కొఱకే పుట్టిన 9 మిల్లీమీటరు ల్యూగరు తూటా అట్లు కాదు, పొట్టిది. పొడవైన పాత తొడుగులో శుభ్రమైన వేగపుమందును పోసినచో, పోసినది తెలియక మఱల పోసినను నిండదు. పైకి చూచువానికి భేదము కనబడదు. అట్టి తూటా పేలినచో తుపాకి పగులును, చేయి పోవును. మఱచి అసలే పోయనిచో, రంజకపుబిళ్ళ త్రోపుడుకు గుండు గొట్టము నడుమ చిక్కుకొని, తరువాతి గుండు దానిని తాకి గొట్టము పగులును. అందుచేత అనుభవజ్ఞులైన వృద్ధులు క్రొత్తవారికి చెప్పుమాట యొకటి కలదు: కొంచెము మసి యంటినను సరియే, రెండుమార్లు పోసినచో పొంగిపొరలునంత చోటుపట్టు మందును ఎన్నుకొనుము, తప్పు చేసినచో అది నీకంట బడవలయును. మాకీ సలహా మిక్కిలి నచ్చినది. తప్పును దాచు శుభ్రతకంటె తప్పును చూపు మసి మేలని దీని భావము.

ఇప్పుడు మేము ముందు గుర్తుంచుకొనుమన్న వేడినీళ్ళ సంగతికి వత్తము. పాతమందు కాల్చినవారు తుపాకిని విధిగా నీళ్ళతో కడుగుచుండిరని చెప్పితిమి. రంజకపుబిళ్ళలో ఆ కాలమున పొటాసియము క్లోరేటను లవణముండెను. అది కాలిన తరువాత మన వంటయుప్పువంటి యుప్పుగా మాఱి గొట్టములో పేరును. ఉప్పు తేమను పట్టి యినుమును త్రుప్పుపట్టించును. పాతమందు కాలములో మసితోపాటు ఈ యుప్పును నీటిలో కొట్టుకొనిపోవుచుండెను. ఎవరికిని దాని సంగతి తెలియలేదు. పొగలేని మందు వచ్చిన తరువాత గొట్టము అద్దమువలె మెఱయుచుండుట చూచి, కడుగనక్కఱలేదని నూనెగుడ్డతో తుడిచి ఊరకుండిరి. ఉప్పు నూనెలో కరుగదు. కొన్ని దినములలో ఆ మెఱయు గొట్టము త్రుప్పుపట్టెను. అందఱును క్రొత్తమందునే దోషి యనిరి. 1920 తరువాతగాని అసలుదోషి ఉప్పని రుజువుకాలేదు. మసిని కడుగుచున్నామనుకొన్నవారు ఎఱుగకయే ఉప్పును కడిగిరి. మసి లేదనుకొన్నవారు ఉప్పునకు ఇల్లిచ్చిరి.

ఆ తరువాత ఉప్పులేని రంజకములు వచ్చినవి. అమెరికాలో రెమింగ్టన్ వారు 1920ల చివర క్లీన్‌బోర్ అనుపేరుతో అట్టి తూటాలను అమ్మిరి. శుభ్రమైన గొట్టమని ఆ పేరునకు అర్థము. క్రమముగా ఈ రంజకములలో సీసపు లవణము ప్రధానమైనది. గొట్టము నిజముగానే శుభ్రముగా నున్నది. కాని కాల్చినప్పుడెల్ల సీసము ఆవిరియై, ధూళియై, గాలిలో కలియును. మూసిన గదులలో కాల్చుట నేర్పు ఉపాధ్యాయులకును పోలీసులకును రక్తమున సీసము పెరిగినట్లు వైద్యులు అనేకమార్లు గుర్తించిరి. ఇంటిలో తొడుగులను పొడిపొట్టుతో తిప్పి తోమునప్పుడు లేచు ధూళి వస్త్రములకంటి, నేలపై బడి, ప్రాకు బిడ్డల నోటికి చేరగలదు. సీసము బిడ్డల బుద్ధిని దెబ్బతీయునని వైద్యశాస్త్రము నిస్సందేహముగా చెప్పుచున్నది. గొట్టమునంటవలసిన మసి బిడ్డ రక్తమునంటినది. మెఱయు తుపాకిని చూచి సంతోషించు తండ్రికి ఇది కనబడదు. సీసములేని రంజకములును ఇప్పుడు దొరకుచున్నవి. మందును గూర్చి రాత్రులు వాదించువారిలో ఎందఱు వీనిని గూర్చి యోచింతురో మాకు సందేహము.

శుభ్రమన్న మాటను నమ్మి ప్రాణములు పోగొట్టుకొన్న సైనికుల కథ యింకొకటి చెప్పి ముగింతుము. ఇది పిస్తోలు కథ గాదు, మందు ఎన్నిక కథ. అమెరికాసైన్యము వియత్నాము యుద్ధమున ఎం-16 అను క్రొత్త తుపాకిని సైనికులకిచ్చెను. దానిని కల్పించినవాడు యూజీన్ స్టోనరు. అతడు ఒక రకపు మందుకు సరిపడునట్లు దానిని అమర్చెను. 1964లో సైన్యాధికారులు ఆ మందును మార్చి, గుండ్రని పలుకులుగల వేఱొక మందును తూటాలలో పోయించిరి. అందు ఆమ్లమును విఱచుటకు చేర్చిన సున్నపుపాలు ఎక్కువగా నుండి, కాలినపిదప తుపాకిలో పేరుకొనుచుండెను. తుపాకి కాల్చు వేగమును హెచ్చినది. దీనికితోడు ఈ తుపాకికి తుడుపే అక్కఱలేదను ప్రచారమొకటి వ్యాపించినది. తుడుచు సామగ్రిని చాలమందికి ఇయ్యలేదు. గొట్టము లోపలికి క్రోమియము పూత వేయలేదు. తేమదేశమున, అడవులలో, పోరాటము నడుమ తుపాకులు బిగిసిపోయెను. తమవారు తుపాకిని విప్పి సరిచేసికొనుచున్న స్థితిలోనే మృతులై కనబడిరని సైనికుడొకడు ఇంటికి వ్రాసిన జాబు చట్టసభకు చేరినది. 1967లో ఇకార్డ్ అధ్యక్షతను గల ఉపసంఘము విచారించి సైన్యాధికారులను తీవ్రముగా తప్పుపట్టెను. ఆ తరువాత మందు సవరింపబడినది, క్రోమియము పూత వచ్చినది, తుడుపుసామగ్రి వచ్చినది. తుడుపు అక్కఱలేదన్న యొక్కమాటకు ఎందఱు తల్లులు కడుపుకోత పడిరో లెక్క చెప్పజాలము.

ఈ చరిత్రలో అపరాధి ఎవరు? మందు కాదు; అది తన స్వభావము చొప్పున మండినది. శుభ్రతను కోరుటయు తప్పుగాదు. మసిపట్టిన తుపాకి కంటె మసిలేని తుపాకియే కాల్చువానికి క్షేమము. తప్పంతయు, కంటికి కనబడని దానిని లేదనుకొనుటలో నున్నది. ఫావర్‌షామ్ తెల్లనిపత్తిలో ఆమ్లముండెను. మెఱయు గొట్టములో ఉప్పుండెను. క్లీన్‌బోర్ తరువాతి కాలపు గదుల గాలిలో సీసముండెను. తుడుపక్కఱలేని తుపాకిలో సున్నముండెను. పొగ తగ్గినకొలదిని, మనుష్యుని చంపుట సులభమైనది, చంపువాడు కనబడకపోయెను. ఈ సంగతిని తూటాలు నింపు బల్లదగ్గర కూర్చున్నవాడు మఱచినను చరిత్ర మఱవదు.

మనయిండ్లలో తూటాలు లేవు, ఉండవలదు కూడ. కాని శుభ్రమన్న పేరుతో అమ్మబడు వస్తువులు లేని యిల్లు నేడు లేదు. పొగరాని పొయ్యి, వాసనరాని ద్రావకము, తళతళలాడు పాత్ర, తెల్లగా నుండు చక్కెర, వాసనలేని దోమలమందు, ఇవన్నియు మనయింటికి శుభ్రమను చీటితో వచ్చుచున్నవి. వానిలో చాలభాగము నిజముగా మేలు చేయునవే. పొగపొయ్యి ముందు కండ్లుపోగొట్టుకొన్న మనతల్లుల కష్టమును మేము మఱవలేదు. అయినను ఏ వస్తువునుగూర్చియైనను గృహిణి అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మసి కనబడుటలేదు సరే, ఆ మసి యెచ్చటికి పోయినది? గాలిలోనికా, నీటిలోనికా, చేసిన కార్మికుని ఊపిరితిత్తులలోనికా, మన బిడ్డల రక్తములోనికా? దానికి సరియైన బదులు దొరకినప్పుడు ఆ వస్తువును ఇంటిలోనికి రానిత్తము. బదులు దొరకనంతవఱకు, వేడినీళ్ళతో కడుగు పాతయలవాటును మానకుందము.